చిగుళ్ల జబ్బు తగ్గాక కూడా మూడు నెలలకోసారి ఎందుకు వెళ్లాలి?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. రెండేళ్ల కిందట బ్రష్ చేస్తుంటే రక్తం వస్తోందని, నోరు వాసన వస్తోందని డెంటిస్ట్ దగ్గరికి వెళ్తే చిగుళ్ల జబ్బు బాగా ముదిరిందని చెప్పి నాలుగు విడతల్లో డీప్ క్లీనింగ్ చేశారు. రక్తం ఆగింది, వాసన పోయింది. ఆ తర్వాత మూడు నెలలకోసారి రమ్మన్నారు. రెండుసార్లు వెళ్లాను. నొప్పీ లేదు ఏమీ లేదు, వెళ్లిన ప్రతిసారీ అదే క్లీనింగ్, అదే ఖర్చు. దానికి తోడు ఇంట్లో అందరూ "ఊరికే గీకిస్తే ఉన్న పళ్లు కూడా వదులైపోతాయి" అని భయపెట్టారు. మానేశాను. ఏడాది దాటింది. ఇప్పుడు కింద కుడివైపు దవడ పన్ను దగ్గర మళ్లీ అప్పుడప్పుడూ రక్తం కనిపిస్తోంది. నాకు షుగర్ కూడా ఉంది, మాత్రలు వాడుతున్నాను. ఎన్నాళ్లని ఇలా తిరగాలి? ఇంట్లోనే మంచి పేస్టు, మౌత్‌వాష్ వాడుకుంటే సరిపోదా? ఇన్నాళ్లు మానేసి ఇప్పుడు వెళ్తే తిడతారేమోనని మొహమాటంగా కూడా ఉంది.

సమాధానం:

ముందు మీ ఆఖరి మాట సంగతి. వెళ్లండి, ఎవరూ తిట్టరు. మధ్యలో మానేసి ఏడాదికో రెండేళ్లకో తిరిగొచ్చేవాళ్లు చిగుళ్లకు వైద్యం చేసే ప్రతి డెంటిస్టుకూ తెలుసు, ఇందులో మీరేమీ ప్రత్యేకం కాదు. ఒకవేళ ఎవరైనా కాస్త విసుక్కున్నా ఆ అయిదు నిమిషాలు ఓర్చుకోండి, మొహమాటానికి పోయి పన్ను పోగొట్టుకోవద్దు.

మీ ఉత్తరంలో నాకు ఎక్కువ దిగులు కలిగించింది "నొప్పీ లేదు" అన్న మాట. పన్ను పుచ్చితే నరం దాకా చేరేసరికి రాత్రి నిద్ర లేకుండా చేస్తుంది, ఆ నొప్పే మనల్ని డాక్టర్ దగ్గరికి తరుముతుంది. చిగుళ్ల జబ్బు అలా కాదు, కింద ఎముక కరిగిపోతున్నా చాలామందికి ఏమీ తెలియదు, పన్ను కదలడం మొదలయ్యాకో, చీము పట్టి వాచాకో గాని బాధ మొదలవదు. అందుకని నొప్పి లేదు కాబట్టి జబ్బు లేదు అనుకోవడానికి ఈ విషయంలో వీల్లేదు. మీకు కనిపించే గుర్తు రక్తం ఒక్కటే, అది ఇప్పుడు మళ్లీ కనిపించింది.

ఇక ఎన్నాళ్లు తిరగాలి అన్నారు. సూటిగా చెప్తాను, మీ పళ్లు ఉన్నన్నాళ్లూ. ఈ మాట మీకు డీప్ క్లీనింగ్ మొదలుపెట్టిన రోజే కూర్చోబెట్టి చెప్పాల్సింది. చెప్పి ఉంటే బహుశా మీరు మానేసేవారు కాదు. బీపీ, షుగర్ ఎలాగో ముదిరిన చిగుళ్ల జబ్బూ అలాగే, అదుపులో పెట్టుకుంటాం తప్ప ఒకసారి వైద్యం చేసి ముగించేది కాదు. మాత్రలు వేసుకుంటే షుగర్ తగ్గింది కదా అని మీరు మాత్రలు మానేయలేదు, ఇదీ అంతే.

ఎందుకు అదుపే గాని నయం లేదో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతా సగం ప్రశ్నలు వాటంతటవే తీరిపోతాయి. చిగుళ్ల జబ్బులో రెండు దశలు ఉన్నాయి. మొదటిది చిగుళ్ల వాపు, అంటే పంటి అంచున పాచి పేరుకుని చిగురు ఎర్రబడి, ఉబ్బి, ముట్టుకుంటే రక్తం రావడం. ఇది పూర్తిగా తగ్గిపోతుంది. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత బ్రష్ చేయడం పూర్తిగా మాన్పించి చూశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి, మళ్లీ శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టాక దాదాపు వారం రోజుల్లో తగ్గిపోయాయి. పాచికీ చిగుళ్ల వాపుకీ సంబంధం ఎంత నేరుగా ఉందో దీంతో తేలింది.

రెండో దశలో సంగతి వేరు. పాచిలోని సూక్ష్మజీవుల మీద మన ఒంటి రక్షణ వ్యవస్థ చేసే పోరాటంలోనే పంటిని పట్టుకుని ఉండే నారలు, ఎముక కరిగిపోతాయి. చిగురు పంటి నుంచి విడివడి లోపల గుంటలా ఏర్పడుతుంది, డెంటిస్టులు పాకెట్ అనేది దాన్నే. పోయిన ఎముక దానంతటది తిరిగి రాదు. కొన్ని రకాల గుంటల్లో ఆపరేషన్ చేసి కొంత పెంచగలరు గాని అది అందరికీ అన్నిచోట్లా కుదిరేది కాదు. మీకు జరిగిన డీప్ క్లీనింగ్, అంటే చిగురు కింద పేరుకున్న పాచి, గార తీయడం, ఈ రెండో దశకు చేసేది. దానివల్ల వాపు తగ్గి, చిగురు పంటికి దగ్గరగా బిగుసుకుని, గుంటల లోతు తగ్గుతుంది. కాని ఎముక కిందికి దిగిన చోట అది దిగే ఉంటుంది, కొన్ని చోట్ల గుంట కూడా కొంత మిగిలే ఉంటుంది, ముఖ్యంగా దవడ పళ్ల దగ్గర. వాటికి రెండు మూడు వేర్లు ఉంటాయి, ఎముక తగ్గితే ఆ వేర్లు చీలే చోటు బయటపడుతుంది, అక్కడికి ఏ బ్రష్షూ సరిగ్గా చేరదు. మీకు మళ్లీ రక్తం కనిపించింది దవడ పన్ను దగ్గరే అన్నది నాకేమీ ఆశ్చర్యంగా లేదు.

కొలతల్లో చెప్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఆరోగ్యంగా ఉన్న చిగురుకీ పంటికీ మధ్య సందు 1 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటుంది. మనం బ్రష్ ఎంత జాగ్రత్తగా పట్టినా దాని కుచ్చు చిగురు కిందికి మహా అయితే ఒక మిల్లీమీటరు వెళ్తుంది. 5, 6 మిల్లీమీటర్ల గుంట అడుగున ఏం జరుగుతుందో బ్రష్‌కి, పేస్టుకి, పుక్కిలించే నీళ్లకి సంబంధం ఉండదు. అక్కడ ఒకసారి శుభ్రం చేశాక సూక్ష్మజీవులు కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లోపు మళ్లీ చేరి గుంపు కడతాయి. మూడు నెలలు అనే లెక్క వచ్చింది ఇక్కడి నుంచి, అవి మళ్లీ బలపడి ఎముక జోలికి వెళ్లేలోపు చెదరగొట్టడానికి.

ఇది డెంటిస్టుల వ్యాపారమేమోనన్న అనుమానం మీ ఉత్తరంలో పైకి చెప్పకపోయినా తెలుస్తోంది, ఆ అనుమానం రావడం సహజమే. దానికి జవాబు పాత పరిశోధనల్లో ఉంది. 1981లో స్వీడన్‌కి చెందిన ఆక్సెల్సన్, లిండే అనే ఇద్దరు ఒక అధ్యయనం ప్రచురించారు. బాగా ముదిరిన చిగుళ్ల జబ్బుకి వైద్యం పూర్తయినవాళ్లలో కొందరిని రెండు మూడు నెలలకోసారి పిలిచి చూస్తూ వచ్చారు, మిగతావాళ్లను వాళ్ల మామూలు డెంటిస్టుల దగ్గరికే తిప్పి పంపేశారు. ఆరేళ్ల తర్వాత చూస్తే క్రమం తప్పకుండా పిలిచినవాళ్లకి వైద్యంతో వచ్చిన మేలు అలాగే నిలిచింది, రెండో గుంపులో జబ్బు మళ్లీ తిరగబెట్టింది. రెండు గుంపులకీ మొదట్లో చేసిన వైద్యం ఒక్కటే అన్నది గమనించండి. తర్వాతి సంరక్షణ లేకపోతే మొదటి వైద్యానికి పెట్టిన డబ్బు, పడ్డ శ్రమ నిలవవని చిగుళ్ల వైద్యులు అనేది అందుకే.

మీకే ఎందుకు వచ్చింది, మీకన్నా నోరు అశ్రద్ధ చేసేవాళ్లు హాయిగా ఉన్నారు కదా అని కూడా అనిపించి ఉండొచ్చు. శ్రీలంకలో దంతవైద్యమే అందని తేయాకు తోటల కార్మికులను 1970 నుంచి పదిహేనేళ్లు గమనిస్తే, అందరికీ పాచి, గార దండిగా ఉన్నా 11 శాతం మందికి జబ్బు చిగుళ్ల వాపు దాటి ముందుకే పోలేదు, 81 శాతం మందికి మెల్లగా ముదిరింది, 8 శాతం మందికి మాత్రం చాలా వేగంగా ముదిరి పళ్లు పోయాయి. అంటే ఒంటి తీరు మనిషి మనిషికీ వేరు. మీకు నలభైల్లోనే డీప్ క్లీనింగ్ దాకా వచ్చిందంటే, పైగా షుగర్ ఉందంటే, ఆ అదృష్టవంతుల్లో మీరు లేరనే అనుకుని జాగ్రత్తపడాలి. ఇది మీ తప్పని అనడం లేదు, మీ ఒంటికి ఇంకాస్త ఎక్కువ కాపలా కావాలి, అంతే.

పళ్లు వదులైపోతాయన్న భయం గురించి. ఇది చాలా ఇళ్లలో వినిపించే మాట, దీనివల్ల ఎన్ని పళ్లు పోయాయో తలుచుకుంటే బాధేస్తుంది. గార అంటే గట్టిపడిన పాచి, అది పంటికి బలమిచ్చేది కాదు. ముదిరిన జబ్బులో పళ్ల మధ్య గార గట్టుకట్టి ఉంటుంది, అది తీసేసరికి, వాచిన చిగురు తగ్గి కిందికి దిగేసరికి అంతకుముందు మూసుకుపోయిన సందులు బయటపడతాయి, పళ్లు పొడుగ్గా కనిపిస్తాయి, కొన్నాళ్లు చల్లటివి తగిలితే జివ్వుమంటాయి. అప్పటికే ఎముక పోయి వదులైన పన్ను కదలడం అప్పుడు తెలుస్తుంది. దాన్ని చూసి క్లీనింగే పన్నును కదిలించిందనుకుంటారు. నిజానికి వాపు తగ్గాక కొంచెం కదిలే పళ్లు చాలాసార్లు బిగుస్తాయి కూడా. జివ్వుమనడం మామూలుగా కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తగ్గుతుంది, దానికోసం ఉండే పేస్టులు వాడొచ్చు.

ఇప్పుడు మీ ఫిర్యాదులో నిజం ఉన్న భాగానికి వస్తాను. "వెళ్లిన ప్రతిసారీ అదే క్లీనింగ్" అన్నారు. మీరు వెళ్లిన ఆ రెండుసార్లూ సన్నటి గీతలున్న పుల్లలాంటి పరికరంతో చిగురు చుట్టూ కొలిచి అంకెలు రాసుకున్నారా? రక్తం ఎక్కడెక్కడ వస్తోందో చూపించారా? అంకెలు పోయినసారికీ ఈసారికీ పోల్చి చెప్పారా? అవేవీ జరగకుండా పైపైన గార తీసి, పాలిష్ చేసి పంపిస్తే మీకు విసుగు రావడంలో తప్పు లేదు, ఆ పని సగమే జరిగినట్టు. మూడు నెలలకోసారి వెళ్లేది ప్రధానంగా కొలిపించుకోవడానికి, ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ లోపల శుభ్రం చేయించుకోవడానికి, ఇంట్లో మీ చేయి ఎక్కడ సరిగ్గా పడటం లేదో చూపించుకోవడానికి. నోరంతా ఒకే తీరుగా గీకించుకోవడం దీని ఉద్దేశం కాదు, బాగున్న చోట అసలు ఎక్కువ పని ఉండదు.

కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు చిగుళ్ల చార్టు అడగండి. మొహమాటపడకండి, అది మీ ఒంటి లెక్క. ప్రతి పంటికీ చుట్టూ ఆరు చోట్ల కొలుస్తారు. 3 దాకా ఉంటే సరే. 4 ఉండి రక్తం రాకపోతే వైద్యం అయిన నోటికి అది మంచి ఫలితమే, 4 ఉండి రక్తం వస్తే కన్నేసి ఉంచాలి, 5, 6 ఆపైన ఉన్న చోట్లకు పని ఉంది. రెండేళ్ల కిందటి చార్టు వాళ్ల దగ్గర ఉంటే పక్కపక్కన పెట్టి చూపించమనండి. ఒక కాపీ మీరు ఇంటికి తెచ్చుకుని షుగర్ రిపోర్టులతో పాటు దాచుకోండి, రేపు డాక్టర్ మారినా ఊరు మారినా మీ చరిత్ర మీ చేతిలో ఉంటుంది. కొలిచినప్పుడు రక్తం రాని చోటు అదుపులో ఉందని చాలావరకు నమ్మొచ్చు, వచ్చిన ప్రతి చోటా ఎముక కరుగుతోందని అర్థం కాదు గాని, వెళ్లిన ప్రతిసారీ ఒకే చోట వస్తుంటే దాన్ని వదిలేయకూడదు.

మూడు నెలలు అనేది శిలాశాసనం కాదు. మీ అంకెలు ఏడాది పాటు కదలకుండా ఉండి, రక్తం వచ్చే చోట్లు బాగా తగ్గి, షుగర్ అదుపులో ఉంటే నాలుగు నెలలకు, తర్వాత ఆరు నెలలకు పొడిగించొచ్చా అని మీరే అడగండి. అంకెలు చూసి డాక్టర్ ఒప్పుకోవచ్చు. మళ్లీ పెరిగితే మళ్లీ దగ్గరకు జరపాలి. ఖర్చు భారం అనుకునేవాళ్లకు నేను చెప్పేదీ ఇదే, మానేయకుండా అంకెల మీద బేరమాడండి. పన్ను పోయాక ఇంప్లాంట్, అంటే ఎముకలో బిగించే కృత్రిమ పన్ను, పెట్టించుకుంటే సరిపోతుంది అనుకోవడానికీ లేదు, దాని చుట్టూ ఉన్న ఎముకకీ ఇలాంటి జబ్బే వస్తుంది, చిగుళ్ల జబ్బుతో పళ్లు పోగొట్టుకున్నవాళ్లకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

షుగర్ గురించి విడిగా చెప్పాలి. షుగర్ అదుపు తప్పితే చిగుళ్లు త్వరగా పాడవుతాయి, మానడం ఆలస్యమవుతుంది. చిగుళ్లలో వాపు ఎప్పుడూ రగులుతూ ఉంటే షుగర్ కూడా సరిగ్గా దిగదు. చిగుళ్లకు వైద్యం చేశాక మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష అంకె, సుమారు 0.3 నుంచి 0.5 దాకా తగ్గడం పరిశోధనల్లో కనిపించింది, అది చిన్న మేలు కాదు. ఆ పరీక్ష అంకె 7 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే చిగుళ్ల జబ్బు వేగంగా ముదిరే అవకాశం ఉన్నవాళ్ల కింద లెక్కవేస్తారు. మీ అంకె ఎంతో రాయలేదు. డెంటిస్టుకి మాత్రం తప్పకుండా చెప్పండి, మీ షుగర్ డాక్టర్‌కీ చిగుళ్ల సంగతి చెప్పండి. పొగాకు ఏ రూపంలోనైనా అలవాటుంటే మానడం తప్పనిసరి. పొగ తాగేవాళ్లకు ఇంకో చిక్కుంది, చిగుళ్లలో రక్తనాళాలు ముడుచుకుపోయి జబ్బు ముదురుతున్నా రక్తం అంతగా కనిపించదు, బాగానే ఉందనుకుని మోసపోతారు.

ఇక ఇంట్లో చేసుకునేది. ఇంట్లో సరిగ్గా చేయకపోతే మూడు నెలలకోసారి వెళ్లినా ఉపయోగం లేదు, వెళ్లకుండా ఇంట్లో ఎంత చేసినా మీ విషయంలో సరిపోదు, రెండూ కావాలి. మెత్తటి బ్రష్ తీసుకుని కుచ్చు చిగురు అంచు వైపు ఏటవాలుగా, అంటే సుమారు 45 డిగ్రీల కోణంలో ఆనించి, చిన్న చిన్న కదలికలతో ఒక్కో చోటా కాసేపు ఉంచి జరుపుతూ పోవాలి, రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి కనీసం రెండు నిమిషాలు. బలంగా రుద్దడం వల్ల పాచి ఎక్కువ పోదు, చిగురు ఇంకా కిందికి దిగుతుంది. రాత్రి పడుకునే ముందు చేసేది మాత్రం ఎంత అలసటగా ఉన్నా మానకండి, నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి.

కాని మీ నోటికి బ్రష్ కన్నా ముఖ్యమైనది పళ్ల సందుల్లోకి వెళ్లే చిన్న బ్రష్, ఇంటర్‌డెంటల్ బ్రష్ అంటారు. చిగుళ్ల జబ్బు ఎక్కువగా సందుల్లోనే మొదలవుతుంది, సందుల్లోనే తిరగబెడుతుంది, అక్కడికి మామూలు బ్రష్ వెళ్లదు. ఎముక తగ్గి సందులు వెడల్పయిన మీలాంటివాళ్లకు ఫ్లాస్ దారం కన్నా ఇది బాగా పనిచేస్తుంది, దారాన్ని బిగుతుగా ఉన్న ముందు పళ్ల మధ్య వాడుకోవచ్చు. వీటిలో సైజులుంటాయి, ఒకే నోట్లో రెండు మూడు సైజులు పట్టొచ్చు, సందులో బిగుతుగా దూరాలి గాని బలవంతంగా నెట్టాల్సిన పని ఉండకూడదు. ఏ సందుకి ఏ సైజో డెంటిస్ట్ దగ్గరే అద్దంలో చూపించుకుని, అక్కడే మీ చేత్తో ఒకసారి చేసి చూపించండి. రోజుకు ఒకసారి చాలు. మొదటి వారం పది రోజులు రక్తం వస్తుంది, భయపడి ఆపేయకండి, వాచిన చోటే రక్తం వస్తుంది, వాపు తగ్గాక ఆగుతుంది. అప్పటికీ ఆగకపోతే లోపల గార గాని గుంట గాని ఉందన్నమాట.

పేస్టు విషయంలో ఎక్కువ ఆలోచించకండి, ఫ్లోరైడ్ ఉంటే చాలు. చిగురు దిగి వేరు బయటపడిన పళ్లకు ఆ వేరు మీద పుచ్చు త్వరగా పడుతుంది, ఫ్లోరైడ్ దాన్ని ఆపుతుంది. మౌత్‌వాష్ పాచిని తుడవలేదు, గుంట లోపలికి వెళ్లలేదు. క్లోర్‌హెక్సిడిన్ ఉన్న మందు నీళ్లు డాక్టర్ ఇస్తే చెప్పినన్ని రోజులే వాడండి, మామూలుగా రెండు వారాలు. నెలల తరబడి వాడితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి, రుచి తేడా చేస్తుంది. పేస్టుతో తోమిన వెంటనే కాకుండా కనీసం అరగంట ఆగి ఆ మందు నీళ్లు పుక్కిలించండి, పేస్టులోని నురగ పదార్థం ఆ మందు పనిని తగ్గిస్తుంది. యాంటీబయాటిక్ మాత్రలు మీ అంతట మీరు కొని వేసుకోవద్దు, పాచి అంటుకుని ఉన్నంతవరకు అవి దానిలోకి సరిగ్గా చొరబడవు, తాత్కాలికంగా వాపు తగ్గించి మిమ్మల్ని నమ్మిస్తాయి, అంతే.

ఆ కుడివైపు దవడ పన్నుకు సంబంధించి ఈ వారంలోనే వెళ్లండి. అక్కడ కొలుస్తారు, ఎముక ఎంత ఉందో చూడటానికి ఎక్స్‌రే తీయొచ్చు, అవసరమైతే మత్తు ఇచ్చి ఆ ఒక్క చోటే మళ్లీ లోపల శుభ్రం చేస్తారు. నోరంతా మొదటి నుంచి చేయాలని అంటే ఏ అంకెలు చూసి అంటున్నారో అడగండి. రెండు మూడు నెలల తర్వాత మళ్లీ కొలిచినా అక్కడ 6 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో ఉంటే చిగుళ్ల స్పెషలిస్టును, అంటే పెరియోడాంటిస్టును కలవండి, చిగురు తెరిచి శుభ్రం చేసే చిన్న ఆపరేషన్‌తో చాలా పళ్లు నిలుస్తాయి. ఈలోపు చీము కనిపించినా, పన్ను కదులుతున్నట్టు అనిపించినా, ముందు పళ్ల మధ్య కొత్తగా సందు వచ్చినా, కొరికితే పళ్లు ఇదివరకులా కలవకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఫోన్ చేయండి. ముఖం వాచి జ్వరం వస్తే, మింగడం గాని ఊపిరి తీసుకోవడం గాని కష్టమైతే నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

వెళ్లే రోజు షుగర్ మాత్ర మానకండి, ఏమీ తినకుండా వెళ్లకండి. మీరు వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్లండి, ముఖ్యంగా రక్తం పలచబడే మందులుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపవద్దు. అమ్లోడిపిన్ లాంటి కొన్ని బీపీ మందుల వల్ల కొందరికి చిగుళ్లు ఉబ్బుతాయి, అలాంటిది వాడుతుంటే అదీ చెప్పండి, మందు మార్చే సంగతి మీ డాక్టర్ చూసుకుంటారు. పని అయ్యాక వచ్చేసారి తేదీ అక్కడే రాయించుకుని ఫోన్‌లో పెట్టుకుని గాని బయటికి రాకండి.